వరసలో వచ్చు, విడిగా రాదు

పిల్లల చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ యూకేజీ నుంచి మూడో తరగతి వరకు పిల్లల గురించినవి. ఊళ్లు వేరైనా గోల దాదాపు ఒక్కటే: అప్పజెప్పమంటే గడగడా చెబుతారు, మధ్యలోంచి అడిగితే నోరు తెరవరు.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. గుణింతాలన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. పాఠం తీసి చదవమంటే మాత్రం అక్షరం అక్షరానికీ ఆగుతుంది, లేదా బొమ్మ చూసి ఏదో ఒకటి ఊహించి చెప్పేస్తుంది. గుణింతాలు ఇంకా గట్టిగా చదివించమంటారా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: వద్దండి. పాపకు గుణింతాల పాట వచ్చింది, గుర్తులు రాలేదు. "క కా కి కీ" రాగంలో పడ్డాక నోరు దానంతటదే ముందుకు పోతుంది, కన్ను కాగితం మీద ఉండక్కర్లేదు. ముందు ఎక్కడ తడబడుతోందో తేల్చుకోండి. పాత క్యాలెండర్ వెనక తెల్లవైపు 20 చీటీలు చేయండి. క, త, ప, మ, ల అనే ఐదు హల్లులకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము పెడితే సరిగ్గా 20 అవుతాయి. అన్నీ కలిపేసి ఒక్కొక్కటే చూపించండి. తప్పినవాటిని రెండు కుప్పలు చేయండి. అక్షరాన్నే పోల్చుకోలేనివి (ప చూసి వ అనడం, మ చూసి య అనడం) ఒక కుప్ప, అక్షరం సరిగ్గా చెప్పి గుర్తు తప్పినవి (తి చూసి తా అనడం) ఇంకో కుప్ప. మొదటిది పెద్దదైతే అక్షరాల దగ్గరికి వెనక్కి వెళ్లాలి, రెండోది పెద్దదైతే గుర్తుల మీద కూర్చోవాలి. రెండు జబ్బులకూ "మళ్లీ మొదటినుంచి చెప్పు" అన్న ఒకే మందు వేయడం వల్ల నెలలకు నెలలు గడిచిపోతాయి.

పోలికలు కలిసే అక్షరాలను ఒకే రోజు నేర్పకండి. ప–వ–ష, ద–డ–ధ, బ–భ, మ–య ఇలాంటివి. ఒకటి కుదిరిన వారం తర్వాత రెండోది చెప్పి, ఆ తర్వాతే రెండూ పక్కపక్కన పెట్టి తేడా వేలితో చూపించండి. పు, వు విడిగా చెప్పాలి. వీటికి కొమ్ము పక్కకు కాకుండా కిందికి దిగుతుంది. పక్కన పెడితే వ కాస్తా మ లాగా అయిపోతుంది మరి. మొ, యొ కూడా కొ, తొ లాగా ఉండవు కాబట్టి వాటికీ వేరే చీటీలు వేయండి.

పదాలకు ఒక వరస పట్టుకోండి. ముందు ఏ గుర్తూ లేనివి: వల, తల, పలక, గడప, నడక. తర్వాత దీర్ఘం: తాత, మామ, బావ, పాట. ఆపైన గుడి: చిలక, గిలక, పిడక. తర్వాత కొమ్ము: గురక, ఉడుత, పులుపు. ఒక్కో గుర్తుకు మూడు నాలుగు రోజులు ఇవ్వండి. సున్న పదాలు వచ్చినప్పుడు సూత్రాలు చెప్పొద్దు. వంకాయ, కంచం, పంట, పంది, కంబళి అని మీరే పలికి చూడండి. ఐదు చోట్లా సున్న పలుకు వేరు. పక్క అక్షరాన్ని బట్టి నాలుకే సర్దుకుంటుంది. పాపకు ఆ మాట ముందే తెలిసి ఉంటే చాలు. తెలియని మాట ఇస్తేనే చిక్కు.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మూడు నిమిషాలు చీటీలు (పాతవి ఎనిమిది, కొత్తవి రెండు), ఏడు నిమిషాలు పాప చదవడం, ఐదు నిమిషాలు మీరు చదివి వినిపించడం. చదివే పేరా ఎలాంటిదంటే, 20 పదాల్లో రెండు మూడు కంటే ఎక్కువ తప్పులు రాకూడదు. వస్తే అది ఆమెకు బరువు, ఇంకా తేలికది తీయండి. అదే పేరా మూడు రోజులు చదివించినా నష్టం లేదు. తప్పు చదివినప్పుడు వెంటనే అందించకండి, మనసులో నాలుగు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం చూపించండి. పదం దొరికాక ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ చదవాలి, లేకపోతే అర్థం తెగిపోతుంది. ఊహించి చెప్పే అలవాటుకు బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, చదివాక తీయండి.

"తకు గుడిస్తే తి" అనేది రాసేటప్పుడు పనికొచ్చే మాట. చదివేటప్పుడు అలా విడమరిచి చెప్పమంటే పదం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. పుస్తకాల సంగతికొస్తే, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిల్లో. పాప రెండో తరగతైనా మొదటి స్థాయితోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: మావాడు గుణింత పదాలు బాగానే చదువుతాడు. వత్తులు వస్తే మాత్రం పుస్తకాన్ని "పుసతకం" అంటాడు, చంద్రికను "చందిరక" అంటాడు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీవాడు ఉన్నది ఉన్నట్టే చదువుతున్నాడు, ఒక రకంగా అది అతని నిజాయితీ. మన రాతలో ఒక మెలిక ఉంది. స్త లో తలకట్టు స నెత్తిన ఉంటుంది, కానీ ఆ "అ" వినబడేది కింద ఉన్న త తర్వాత. ద్రి లో గుడి ద మీద ఉంటుంది, పలికేది ర తర్వాత. అంటే కన్ను పైనుంచి కిందికి దిగి, మళ్లీ పైకి వెళ్లి గుర్తు తెచ్చుకోవాలి. పెద్దవాళ్లకు ఇది అలవాటైపోయి కనిపించదు. పిల్లవాడికి ఎవరూ చెప్పకపోతే పై అక్షరాన్ని గుర్తుతో సహా ముందు పలికేసి, వత్తును తర్వాత అతికిస్తాడు.

నోటితో మొదలుపెట్టండి. "పుస్... తకం" అని విరిచి పలికించండి, పుస్తకం ఇంకా తెరవొద్దు. తర్వాత ద్విత్వాలు: అక్క, అమ్మ, నాన్న, పువ్వు, పిల్లి. పైనా కిందా ఒకే హల్లు కాబట్టి తేలిక. ఆ తర్వాత ఒకే వత్తును ఉంచి గుర్తు మార్చండి: చుట్ట, చుట్టు, చుట్టి, చుట్టం. గుర్తు ఎప్పుడు పలకాలో ఈ నాలుగు మాటలు నేర్పినంత బాగా ఏ సూత్రమూ నేర్పదు. రోజూ ఇలాంటిది ఒక గుంపు చేయించండి.

వత్తుల్లో చాలావాటికి అక్షరం తలకట్టు తీసేస్తే అదే వత్తు. త, న, మ, య, ర, ల మాత్రం రూపం మార్చుకుంటాయి. పిల్లలు ఎక్కువగా తప్పేది వీటి దగ్గరే. వీటికి ఆరు చీటీలు వేసి, కొత్త అక్షరాల్లాగే నేర్పండి. తర్వాత సంయుక్తాలు: ర వత్తుతో చక్రం, నిద్ర, ముద్ర, య వత్తుతో సత్యం, వైద్యం, త వత్తుతో బస్తా, వస్తుంది, పుస్తకం. వారానికి రెండు వత్తులు మించొద్దు. పాఠం చదివే ముందు వత్తున్న అక్షరాలకు పెన్సిల్‌తో సున్నా చుట్టించండి, అక్కడ నెమ్మదించాలని కంటికి ముందే తెలుస్తుంది. రాష్ట్రం, స్త్రీ లాంటి మూడంతస్తులవి చిట్టచివర.

ప్రశ్న: ఒకటో తరగతి, ఇంగ్లీషు మీడియం. 1 నుంచి 100 వరకు చెబుతాడు. థర్టీన్ రాయమంటే 31 రాస్తాడు. ముప్పై నాలుగు అంటే ఒక్కోసారి 304 వేస్తాడు.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: రెండు తప్పులకూ మూలం వేరు. థర్టీన్‌లో ముందు వినిపించేది మూడు, పది తర్వాత వస్తుంది. విన్న వరసలోనే రాస్తే 31 వస్తుంది. దానికి తోడు థర్టీన్–థర్టీ, ఫిఫ్టీన్–ఫిఫ్టీ చెవికి ఒకేలా ఉంటాయి. తెలుగులో పదమూడు అంటే పది, మూడు. రాసే వరస కూడా అదే. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని ఇంకా సూటిగా పోతుంది. అందుకని బడి ఏ మీడియమైనా ఇంట్లో సంఖ్య అర్థం తెలుగులో చెప్పి, ఇంగ్లీషు పేరు తర్వాత తగిలించండి. పన్నెండు, పందొమ్మిది మాత్రం కాస్త మొండివి, వాటిలో పది దాక్కుని ఉంటుంది.

304 దగ్గర అతను చేసింది ముప్పై రాసి పక్కన నాలుగు రాయడం. దీనికి చీటీల మందు ఉంది. 10, 20, 30... 90 అని వెడల్పు చీటీలు, 1 నుంచి 9 వరకు దానికి సగం వెడల్పు చీటీలు చేయండి. 30 మీద కుడివైపు సున్న కప్పేలా 4 పెడితే 34 కనిపిస్తుంది. తీస్తే కింద సున్న అలాగే ఉంటుంది. రోజూ పది సంఖ్యలు, వరస లేకుండా.

దీనికి ముందు కట్టలు కట్టించాలి. చీపురు పుల్లలు వంద, ఒకే పొడవుకి తుంచి పెట్టుకోండి, పది రబ్బరు బ్యాండ్లు కూడా. గుప్పెడు పుల్లలు పోసి పదేసి కట్టలు కట్టమనండి. "మూడు కట్టలు, నాలుగు విడివి" అన్నాకే 34 రాయాలి. చింతగింజలు 20 లోపు లెక్కకు భేష్, కట్ట కట్టడానికి పనికిరావు. అంకెలు వరసగా చెప్పడం ఇప్పుడు ఆపేయండి. "47 తర్వాత? 60కి ముందు? 38, 83లో ఏది పెద్దది? ఎందుకు?" అని అడగండి. "ఎందుకు"కి జవాబుగా కట్టల మాట వస్తే దారిలో పడ్డట్టే.

ఎనిమిదికి ఐదు కలపమంటే వేళ్లు లెక్కపెడుతున్నాడని కూడా రాశారు. వేళ్లను తిట్టకండి. ఒకటి నుంచి మొదలుపెట్టకుండా ఎనిమిది మనసులో ఉంచుకుని తొమ్మిది, పది... అని ముందుకు లెక్కపెట్టడం నేర్పండి. పక్కనే పదికి జతలు (1–9, 2–8, 3–7, 4–6, 5–5) నోటికి రానివ్వండి. కొన్నాళ్లకు ఎనిమిదికి రెండిచ్చి పది చేసి, మిగిలిన మూడు కలుపుతాడు. అప్పుడు వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. సెలవుల్లో అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడించండి. గింజ గింజకూ ఒక గుంట అని వేసుకుంటూ పోవడం కంటే మంచి లెక్కల పాఠం ఈ వయసుకు లేదు.

ప్రశ్న: 52 లోంచి 27 తీసేయమంటే 35 వేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అప్పు తెచ్చుకోవడం రాదు.
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేసింది. "పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి" అని మనమే ఒకటో తరగతిలో చెప్పి ఉంటాం, దాన్నే ఇక్కడా వాడింది. 40 – 16 ఇచ్చి చూడండి, 36 వేస్తే అదే జబ్బు అని ఖాయం.

"పక్కింటి నుంచి అప్పు" కథ కంటే పుల్లల కట్ట విప్పడం మంచిది. అప్పు అన్నాక తిరిగి ఇవ్వాలి కదా అని అడిగే పిల్లలున్నారు, వాళ్ల ప్రశ్నలో తప్పు లేదు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టండి. ఏడు విడివి కావాలి, లేవు. ఒక కట్ట రబ్బరు తీసేయమనండి: ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. అప్పుడే నోట్‌బుక్కులో 5 కొట్టేసి 4, 2 పైన 12 వేయించాలి. చేతిలో జరిగింది కాగితం మీద అదే క్షణంలో పడాలి. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే రెండు, జవాబు 25. ఇలా రోజుకు మూడు నాలుగు లెక్కలు, వారం పాటు. రెండో వారం పుల్లల బదులు కట్టకు నిలువు గీత, విడిదానికి చుక్క. మూడో వారం ఉత్త అంకెలు. కట్ట విప్పక్కర్లేని లెక్కలు (58 – 23) మధ్యలో కలపండి, లేకపోతే అవసరం లేని చోటా విప్పేస్తుంది. ప్రతి జవాబునూ 25 + 27 అని కూడి 52 వచ్చిందో లేదో తనే చూసుకోవాలి. మీరు టిక్కు పెట్టొద్దు. 305 – 128 లాంటి నడుమ సున్న ఉన్నవి ఇవన్నీ నీళ్లు తాగినట్టు వచ్చాకే.

చిల్లర లెక్క వేరుగా నేర్పండి. 27 రూపాయల సరుకుకు 50 ఇస్తే కొట్టు అతను తీసివేయడు, 27 నుంచి ముందుకు వెళతాడు: 30కి మూడు, 50కి ఇరవై, మొత్తం 23. ఈ దారి కూడా తెలిస్తే మొదటి దారిలో తప్పు తానే పట్టుకుంటుంది.

ప్రశ్న: మూడో తరగతి. ఏడో ఎక్కం మొత్తం చెబుతాడు, ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి మొదలుపెడతాడు. 20 ఎక్కాల దాకా నేర్పించాలా?
– ఒక తాతయ్య, శ్రీకాకుళం

జవాబు: తాతయ్య గారూ, ముందు బరువు దించండి. పది ఎక్కాల్లో వంద గుణకారాలున్నాయి అనుకుంటాం. 7 × 8, 8 × 7 ఒకటే కదా, అలా చూస్తే ఉన్నవి 55. అందులో 1, 2, 5, 10 ఎక్కాలవి పిల్లలకు ఎలాగూ వస్తాయి, అవి పోతే 21. తొమ్మిదికి చిట్కా ఉంది: 9 × 7కు ఏడులో ఒకటి తగ్గిస్తే 6, ఆరుకు ఎంత కలిపితే తొమ్మిదో అది 3, జవాబు 63. అవీ తీసేస్తే మిగిలేవి పదిహేనే. 3 × 3, 3 × 4, 3 × 6, 3 × 7, 3 × 8. 4 × 4, 4 × 6, 4 × 7, 4 × 8. 6 × 6, 6 × 7, 6 × 8. 7 × 7, 7 × 8. 8 × 8.

ఈ పదిహేను చీటీలు ముందువైపు ప్రశ్న, వెనక జవాబుతో రాసి రోజుకు రెండే కొత్తవి కలపండి. మూడు సెకన్లలో చెబితే ఒక పక్క, లేకపోతే ఇంకో పక్క. రెండో పక్కవి అదే పూట ఇంకోసారి అడగాలి. మరిచిపోతే మొదటినుంచి ఎక్కం చదవనివ్వకండి, దగ్గరి దారి చూపండి: ఏడు నాలుగులు 28, దానికి రెట్టింపు ఏడెనిమిదులు 56. ఏడైదులు 35, ఇంకో ఏడు కలిపితే ఏడారులు 42. పదమూడో ఎక్కం వగైరా తర్వాత చూద్దాం. 13 × 7 అంటే 70, 21 కలిపి 91 అని అతనే కట్టుకుంటాడు.

ప్రశ్న: నాకు చదువు రాదు. ఈ ఉత్తరం మా అక్క కూతురు రాస్తోంది. మా పాప రెండో తరగతి. నేను ఎలా సాయం చేయాలి?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చేయగలరమ్మా. పాప చదువుతుంటే పక్కన కూర్చుని, వేలు పదం కింద జరుగుతోందా చూడండి. వేలు ఆగిపోయి నోరు నడుస్తుంటే చూడకుండా చెబుతోందని అర్థం. చదివాక "ఏం జరిగింది? ఎందుకు అలా చేశాడు?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే అర్థం కాకుండా చదివినట్టే, మళ్లీ చదవమనండి.

పని చేసుకుంటూ మాటల ఆటలు ఆడించండి. ఆవకాయలో ఆవ తీసేస్తే? కాయ. తలగడలో తల తీసేస్తే? గడ. తర్వాత ఒక్క అక్షరం: గొడుగులో గొ తీసేస్తే? అర్థం లేకపోయినా డుగు అని చెప్పాలి. మాటను ముక్కలుగా వినగలిగిన చెవికి చదువు తొందరగా పట్టుబడుతుంది, దీనికి పుస్తకం అక్కర్లేదు. సంతలో బీరకాయలు అరకిలో ఎంత, కిలోకు ఎంత, ఇచ్చిన నోటుకు ఎంత రావాలి అని పాపతోనే చెప్పించండి. మీకు నోటి లెక్క వచ్చు కదా, దాన్ని తక్కువ అనుకోకండి.

ప్రశ్న: యూకేజీ బాబు. రెండు గంటలు కూర్చోబెడుతున్నాం, ఏడుస్తాడు. తప్పు రాసిన పదం పదిసార్లు రాయిస్తున్నాం.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఈ వయసుకు చదువు పది నిమిషాలు, లెక్క పది నిమిషాలు, అదీ వేర్వేరు పూటల్లో. పదిసార్లు రాయించడం వల్ల ఏమవుతుందంటే, మూడోసారి నుంచి పదం చూడడు, పై వరస చూసి దించుతాడు. పై వరసలో తప్పుంటే అది కూడా దిగుతుంది. బదులుగా ఒకసారి చూసి, మూసి, రాసి, తెరిచి సరిచూసుకోవడం, అలా మూడుసార్లు. అంతే.

ప్రశ్న: ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చు, బీ–ఏ–టీ అంటాడు కానీ బ్యాట్ అని చదవలేడు.
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: అతనికి అక్షరాల పేర్లు వచ్చాయి, శబ్దాలు రాలేదు. మన పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగు హల్లులో "అ" కలిసే ఉంటుంది కాబట్టి బీని "బ" అని, టీని "ట" అని చెబుతారు, కలిపితే "బయాట" లాంటిది వస్తుంది. పొల్లు హల్లులా "బ్", "ట్" అని పొట్టిగా పలికించండి. ముందు ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ఆరే చాలు. వాటితో ట్యాప్, పిన్, ప్యాన్, టిన్, సిట్, టిప్ చదివించవచ్చు. చివర "పిన్ను, ప్యాను" అనే అలవాటును నవ్వుతూ సరిదిద్దండి, మందలించొద్దు.

ప్రశ్న: నిమిషానికి ఎన్ని పదాలు చదవాలి? రెండో తరగతి పూర్తవుతున్నా మా బాబు చాలా నెమ్మది. కొన్ని అంకెలు తిరగేసి రాస్తాడు. డాక్టరుకు చూపించాలా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: 2021 జులైలో చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అని ఉంది. తెలుగులో దాన్ని పట్టుకుని గడియారం ముందు కూర్చోబెట్టకండి. "చదువుకుంటున్నారు" మనకు ఒక్క పదం, ఇంకో భాషలో అదే మూడు నాలుగు పదాలవుతుంది. ఆగి ఆగి కాకుండా వాక్యంలా చదువుతున్నాడా, చదివింది చెప్పగలుగుతున్నాడా అన్నదే చూడండి.

3, 7 తిరగేసి రాయడం ఐదారేళ్లకు మామూలే. ఏడు దాటి, రోజూ సాధన చేయించినా అక్షరాలు నిలవకపోతే మొదట కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. బోర్డు కనబడని పిల్లలను బద్ధకస్తులంటూ ఏడాదులు గడిపేసే ఇళ్లున్నాయి. రెండూ బాగుంటే జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల ఇబ్బందులను చూసే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కిందికి వస్తాయి, అయితే ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. వెళ్లేటప్పుడు బాబు గత మూడు నెలల్లో రాసిన నోట్‌బుక్కులు, మొదటి జవాబులో చెప్పిన చీటీల పరీక్ష మీరూ పెట్టి అందులో తప్పినవాటి చిట్టా వెంట తీసుకెళ్లండి. ఏ తేదీన ఏది తప్పాడో రాసి ఉంటే అక్కడివాళ్ల పని సగం తగ్గుతుంది.